కోనసీమ పెరట్లో దొంగ ఎవరు?

గౌతమి ఎక్స్‌ప్రెస్ రాజమండ్రి చేరేసరికి ఇంకా మంచు విడలేదు. ధనుర్మాసం చలి. శాలువా కప్పుకుని, సంచులు మోసుకుంటూ ఆటోలో కాంప్లెక్స్‌కి వెళ్ళి అమలాపురం బస్సెక్కాను. కడియపులంక దాటుతుంటే రోడ్డుకి రెండువైపులా నర్సరీలు, బంతులూ చామంతులూ కుండీల్లో బారులు తీరి. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కగానే బస్సులో సగం మంది మాటలాపి నదివైపు చూశారు. రోజూ చూసేవాళ్ళే! రావులపాలెం దాటాక ఇక కొబ్బరిచెట్లే ఆకాశం. కాలవ గట్టు, గట్టు పక్కన ఇల్లు, ఇంటి వెనక పెరడు, పెరట్లో కోళ్ళు. పదిరోజులు సెలవు పెట్టుకుని వచ్చానన్న సంతోషం అప్పుడు మొదలైంది నాకు.

మా మేనత్తగారి ఊరు అంబాజీపేటకి దగ్గర్లోనే. ఊరి పేరు రాయద్దని ఆవిడ ముందే కట్టడి చేసింది. "మన ఇంటి గుట్టు పుస్తకంలోకి ఎక్కించకే తల్లీ" అని. అందుకని రాయడంలేదు.

గేటు దగ్గర ఎదురొస్తుందనుకున్న మనిషి కనపడలేదు. చుట్టూ తిరిగి పెరట్లోకి వెళితే, కోళ్ళగంప ముందు గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూస్తోంది.

"వచ్చావా? ఉండు. నాలుగేనే. నిన్న అయిదున్నాయి" అంది, నా మొహం చూడకుండానే.

పదకొండు గుడ్లు పొదిగించి, ఇరవయ్యొక్క రోజులు పెట్ట దగ్గర కాపలా కాసి, పదకొండూ పిల్లలైతే వీధంతా చెప్పుకుందట. మూడు వారాలు తిరక్కుండా ఏడు పోయాయి. రెండింటిని గద్ద తన్నుకుపోవడం ఆవిడ కళ్ళారా చూసింది. మిగిలిన అయిదూ ఏమయ్యాయో తెలియదు. ఈక లేదు, రక్తం లేదు.

పట్నంలో ఉన్న మనకి ఇదేమంత కష్టం అనిపిస్తుంది. మావయ్య కొబ్బరి దింపు డబ్బులన్నీ ఎరువులకీ, కూలీలకీ, బ్యాంకుకీ పోతాయి. ఇంట్లో అత్తయ్య చేతిలో ఆడేది గుడ్ల డబ్బు, సంక్రాంతి ముందు పుంజుల్ని అమ్మితే వచ్చే డబ్బు. పెళ్ళయిన కొత్తల్లోంచీ అంతే. మనవరాలి పేరున కట్టే చీటీ అందులోంచే. మావయ్యని అడగకుండా ఎవరికైనా పదిరూపాయలు పెట్టాలన్నా అందులోంచే. కోడిపిల్ల పోయిందంటే ఆవిడ బీరువాలో అడుగు అర అంతమేర ఖాళీ అయినట్టే.

అసలు బాధ అదీ కాదని సాయంత్రానికి తెలిసింది.

అత్తయ్య ఇంటికీ, ఆవిడ తోడికోడలు ఇంటికీ మధ్య కొబ్బరి మట్టల దడి ఉంది. ఆ దడిలో నా చిన్నప్పటినుంచీ ఒక కంత. దాంట్లోంచే కూర గిన్నెలూ, మజ్జిగ చెంబులూ, తగూలూ, కబుర్లూ అటూ ఇటూ తిరిగేవి. ఈసారి చూస్తే ఆ కంతకి తుమ్మకంప అడ్డం పెట్టి ఉంది. "ఏంటత్తయ్యా ఇది?" అంటే, "మీ చిన్నత్తయ్య పిల్లికి మర్యాద" అంది. ఆవిడ పెంచే బూడిదరంగు పిల్లే కోడిపిల్లల్ని తింటోందని మా అత్తయ్య అనుమానం. ఆ మాట నీళ్ళ పంపు దగ్గర నలుగురిలో అనేసింది. "మా పిల్లికి పాలుపోసి పెంచుతున్నాం, నీ కోళ్ళు తినాల్సిన ఖర్మ దానికేం లేదు" అని ఆవిడ అంది. అంతే. నెల దాటింది. ముప్ఫై ఏళ్ళ తోడికోడళ్ళు, ఒకే వంటింట్లో పదేళ్ళు వండుకున్నవాళ్ళు, ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటున్నారు.

రాత్రి అటక మీంచి దుప్పటి తీయబోతే, ఊరగాయ జాడీల పక్కన కాయితంలో కట్టిన పొట్లం చేతికి తగిలింది. ఘాటు వాసన. పొలంలో చల్లే గుళికల మందు! పక్కవీధిలో ఒకాయన ఇచ్చాడట. గుడ్డుకి చిల్లిపెట్టి, ఇంత మందు లోపల పోసి గూడు దగ్గర పెడితే, తినే దొంగ ఏదైనా సరే తెల్లారేసరికి చచ్చి పడుంటుందని ఉపాయం చెప్పాడట. "రేపు శనివారం కదా, ఆదివారం పెడదామని ఆగాను" అంది అత్తయ్య. శనివారం జీవహింస చేయదు ఆవిడ!

నేను గట్టిగా ఏమీ అనలేదు. పెద్దావిడ. ఒక్కటే అడిగాను. "చిన్నత్తయ్య మనవడు ఇంకా వస్తున్నాడా గుడ్లు ఏరడానికి?"

ఆ పిల్లాడికి మూడేళ్ళు. పెద్దవాళ్ళ మధ్య మాటల్లేవు కానీ వాడికి తుమ్మకంప అడ్డమేమిటి, వీధి గుమ్మంలోంచి వస్తాడు. పెరట్లో ఎక్కడ గుడ్డు కనిపించినా చేతిలోకి తీసుకుని, "మామ్మా, గుడ్డూ" అంటూ వంటింట్లోకి పరిగెత్తే వయసు. అత్తయ్య మొహం పాలిపోయింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పింది. కొన్నేళ్ళ క్రితం ఈ ఊళ్ళోనే ఒకరు ఇలాగే మందు పెడితే ముందు వాళ్ళ కుక్కే తిన్నదట. అది కక్కుకున్నచోట పొడిచి తిన్న రెండు పెట్టలూ పోయాయట. దొంగ మాత్రం దొరకలేదు.

పొద్దున్నే ఆ పొట్లాన్ని మావయ్య చేత తెచ్చినవారికే తిప్పి పంపించాం. బావి పక్కన పాతిపెడదామంది ఆవిడ. ఆ నీళ్ళే కదా తాగేది! వద్దన్నాను.

సరే, దొంగని పట్టుకోవాలంటే ముందు ఎవరో తెలియాలి కదా. మా అమ్మమ్మగారింట్లో ఒక పద్ధతి ఉండేది. పొయ్యి బూడిద జల్లెడ పట్టి, రాత్రి గూడు చుట్టూ జానెడు వెడల్పున పల్చగా చల్లడం. తెల్లారి అడుగులు చూడడం. అత్తయ్యకి ఈ ముచ్చట నచ్చింది. ఇద్దరం లాంతరు పెట్టుకుని గూడు చుట్టూ, వంటింటి మెట్ల దగ్గరా చల్లాం. నలభయ్యేళ్ళు దాటిన నేనూ, అరవై దాటిన ఆవిడా రంగవల్లులు దిద్దినంత శ్రద్ధగా!

పొద్దున చూస్తే గుండ్రటి, గోళ్ళ గుర్తులు లేని చిన్న పాదాలు. పిల్లే. "చూశావా? నే చెప్పలా?" అని అత్తయ్య గంతేసినంత పని చేసింది. కానీ అడుగులు గూడువైపు పోలేదు. దడి దగ్గరనుంచి తిన్నగా వంటింటి మెట్ల దగ్గర చేపలు కడిగే రాయిదాకా వచ్చి, అక్కణ్ణించి తిన్నగా వెనక్కి వెళ్ళిపోయాయి. గంప ఎత్తి లెక్కపెడితే పిల్లలు నాలుగూ ఉన్నాయి. "ఇవాళ ఆకలి లేదేమో" అంది. మనసు ఒప్పుకోలేదు మరి.

అదేరోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఆవిడ నడుం వాల్చింది. నేను వెనక వసారాలో చేటలో బియ్యం ఏరుతున్నాను. పెట్ట ఒక్కసారి గొల్లుమంది. తలెత్తేసరికి మట్టిరంగులో పొడుగాటి జంతువు నేలకి అంటుకుపోయినట్టు పరుగెడుతోంది, నోట్లో పిల్ల. చేట విసిరేసి వెంటపడ్డాను. గూటికి మూడడుగుల దూరంలో ఉన్న కొబ్బరి డొక్కల గుట్టలోకి దూరి మాయమైపోయింది. ముంగిస!

మనం రాత్రంతా కాపలా కాస్తాం, గడియ పెడతాం, బూడిద చల్లుతాం. ముంగిస పగటి దొంగ. రాత్రి అది హాయిగా పడుకుంటుంది. తెల్లారిందని మనం గూడు తలుపు తీసి, కోళ్ళని వదిలి వంటపనిలో పడతామే, అప్పుడు దాని ఉద్యోగం మొదలు. నాలుగేళ్ళుగా దింపు తీసిన డొక్కలన్నీ పొయ్యిలోకి పనికొస్తాయని గూటి పక్కనే పోస్తూ వచ్చారు. లోపల చల్లగా, చీకటిగా, వాన తగలకుండా బ్రహ్మాండమైన ఇల్లు. "దొంగకి ఇల్లు కట్టింది మనమే, పక్కనే భోజనం పెట్టింది మనమే" అని నెత్తి కొట్టుకుంది అత్తయ్య.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆవిడ ఇన్నేళ్ళ అనుభవమంతా విప్పింది. నేను డైరీలో రాసుకున్నాను. మీలో కోళ్ళున్నవాళ్ళకి పనికొస్తుంది.

పిల్ల ఏ ఆనవాలూ లేకుండా పట్టపగలు మాయమైతే గద్దో, కాకో, ముంగిసో అనుకోవాలి. పెద్ద కోడి మెడ దగ్గర కొరికి పడేసి ఉంటే ముంగిస. గుడ్డు పెంకుతో సహా లేకపోతే జెర్రిగొడ్డు, అది గుడ్డుని అమాంతం మింగేస్తుంది. పెంకులు పగిలి, సొన కారి ఉంటే ముంగిసో కాకో. పొద్దున్నే నాలుగైదు కోళ్ళు చచ్చి, తినకుండా చెల్లాచెదురుగా పడుంటే ఊరకుక్కలు. గూటి అడుగున మట్టి తోడి కన్నం పడితే పందికొక్కు. ఇక రాత్రిపూట బలిసిన పెట్టని ఎత్తుకుపోయి, దారిపొడుగునా ఈకలు వదిలితే దాన్ని వీళ్ళు బావురుపిల్లి అంటారు. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే పిల్లి ఒకటుంది, దాన్నీ బావురుపిల్లే అంటారు. కానీ ఊళ్ళలోకి వచ్చేది ఎక్కువగా మామూలు అడవిపిల్లేనట. ఇక ఒంటిమీద గాయమే లేకుండా ఒకేరోజు చాలా కోళ్ళు చచ్చిపోతే అది ఏ జంతువూ కాదు, రోగం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశాం కదా. అలాంటప్పుడు చేత్తో ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి కబురు చేయాల్సిందే. కొక్కెర తెగులుకి మాత్రం పుట్టిన వారంలోపే లసోటా చుక్కలు వేయిస్తుందావిడ, ఎంత పనున్నా సరే.

మర్నాడు దింపు తీసే అతన్నీ, ఇంకొకతన్నీ పిలిపించి డొక్కలన్నీ కొబ్బరితోట చివరికి మోయించాం. కింద రెండు కలుగులు, బోలెడు ఎండు ఈకలు. ముంగిస ముందే జారుకుంది. కొట్టి చంపుదామని కర్ర పుచ్చుకొచ్చాడొకతను. అత్తయ్యే వద్దంది. ముంగిసని చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని నేను చెప్పబోయాను కానీ, ఆవిడ కారణం వేరు. "అది పోతే పాములొస్తాయిరా. ఎలకలొస్తాయి. తోట చివర ఉండి ఎలకల్ని తింటే నాకేం బాధ? నా గూటి పక్కన కాపురం వద్దు, అంతే" అంది.

గూడు కొత్తగా కట్టించాం. పాతది నేలమీదే ఉండేది, మట్టి గోడలు, తాటాకు కప్పు. ఇప్పుడు సర్వీ కర్రల మీద రెండడుగుల ఎత్తున నిలబెట్టి, నేలకి చెక్క పలకలు వేశాం. షాపులో కోళ్ళ జాలీ అని ఆరుపలకల కన్నాలతో పల్చటి తీగ జాలీ ఇస్తారు చూడండి, అది కోడి బయటకి పోకుండా ఆపుతుందేగాని దొంగ లోపలికి రాకుండా ఆపదు. కుక్క పళ్ళతో లాగితే చిరిగిపోతుంది. కన్నం పెద్దదైతే ముంగిస పిల్లలు దూరిపోతాయి. అందుకని అర అంగుళం కన్నాలున్న వెల్డ్ మెష్ అడిగి తెచ్చుకోవాలి. ధర ఎక్కువే. అత్తయ్య రెండుసార్లు బేరమాడి, మూడోసారి ఒక పుంజు తక్కువ అనుకుందాం అని కొనేసింది. తలుపుకి ఊడిపోయే తాడు కాదు, కొక్కెం గడియ. గూటి ముందు పిల్లలు తిరగడానికి నాలుగు గజాల చోటు కూడా అదే జాలీతో కట్టించి, జాలీ అడుగు అంచుని బయటివైపు ఒక అడుగు వంచి మట్టి కప్పించాం. తవ్వుకు రావాలనుకునే జంతువు గోడ పక్కనే తవ్వుతుంది, అక్కడ కాళ్ళకి జాలీ తగిలి మానేస్తుంది. పైన మత్స్యకారుల దగ్గర తెచ్చిన పాత వల కప్పాం, గద్దల కోసం.

గద్దల గురించి ఒక తమాషా. కోనసీమలో మామూలు గద్దలతోపాటు తెల్లటి మెడ, ఇటుకరంగు రెక్కల గరుడపక్షులు బాగా తిరుగుతాయి. అది కనపడితే అత్తయ్య ఒక చేత్తో దణ్ణం పెడుతుంది, రెండో చేత్తో "ఉష్షో ఉష్షో" అని తోలుతుంది. దేవుడూ కావాలి, కోడిపిల్లా కావాలి!

నాటుపెట్ట ఉంటే సగం కాపలా అదే చూసుకుంటుంది. ఆకాశంలో నీడ కదిలితే చాలు ఒకరకంగా కూస్తుంది, పిల్లలన్నీ రెక్కల కిందకో, చెట్టు కిందకో పరుగు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధనా సంస్థ వాళ్ళు తయారుచేసిన వనరాజా కోళ్ళు కూడా అత్తయ్య పెంచి చూసింది. నాటుపెట్ట ఏడాదికి యాభయ్యో అరవయ్యో పెడితే అది ఎంచక్కా వందదాకా పెడుతుంది. కానీ పొదగదు. పొదగని పెట్ట పిల్లల్ని కాయదు. అలాంటి పిల్లల్ని తెచ్చుకుంటే తల్లి పని కూడా మనమే చేయాలి. నాలుగైదు వారాలు జాలీ లోపలే పెంచాలి. అందుకే అత్తయ్య గుడ్ల కోసం రెండు వనరాజాలు, పిల్లల కోసం నాటుపెట్టలు పెట్టుకుంది. గుడ్డు పెట్టిన గంటలో తీసేయడం, తౌడూ నూకలూ రాత్రి గిన్నెలో వదిలేయకపోవడం (ఎలకలొస్తాయి, ఎలకల కోసం పాములొస్తాయి), దీపాలవేళకి లెక్కపెట్టి గడియ పెట్టడం, ఇవి మాత్రం రోజూ జరగాల్సిందే. ఏ ఒక్కరోజు పేరంటానికి వెళ్ళి ఆలస్యం చేసినా ఆ రోజే వస్తుంది దొంగ.

ఇక పెరటి మొక్కలు. నాకు హైదరాబాద్‌లో డాబా మీద కుండీలున్నాయి కాబట్టి నా కళ్ళు ముందు వాటిమీదే పడ్డాయి. ఆనప పాదు, బీర పాదు, చిక్కుడు పందిరి, నాలుగు మళ్ళలో వంగ, బెండ, తోటకూర. చిక్కుడు చివుళ్ళకి నల్లగా పేను పట్టింది, చలికాలం కదా. ఇదివరకు మావయ్య కొబ్బరికి కొట్టే మందే ఇంత కలిపి వీటికీ కొట్టేవారట. అది ఏ మందో అని సీసా చూస్తే మోనోక్రోటోఫాస్. కూరగాయల మీద దాన్ని వాడకూడదని మన దేశంలో 2005లోనే నిషేధించారు. 2013లో బీహార్‌లో బడి భోజనం తిని ఇరవైమందికి పైగా పిల్లలు పోయింది కూడా ఆ మందు కలిసిన నూనెవల్లే. ఈ మాట చెప్పాక చిక్కుడుకాయ వేపుడు ఎవరి కంచంలోనూ కదల్లేదు ఆ పూట! మందు కొట్టి అప్పటికి రెండు నెలలు దాటింది లెండి.

ఇంకో సంగతి చూడండి. పురుగుకి మందు కొడితే, చచ్చిన పురుగుని కోడి తింటుంది. కోడి గుడ్డుని మనం తింటాం. అటక మీది పొట్లానికీ, ఈ సీసాకీ ఏం తేడా?

పేనుకి మాకు మళ్ళీ బూడిదే అక్కరకొచ్చింది. పొద్దున్నే మంచు తడి ఉండగా జల్లెడ పట్టిన బూడిద చివుళ్ళమీద చల్లితే అంటుకుంటుంది. ముదిరినచోట కొసలు తుంచేసి, మిగతా చోట కుంకుడు రసం నీళ్ళలో కలిపి ఆకు అడుగువైపు పిచికారీ చేశాం. చీమలు పాకుతుంటే పందిరి గుంజలకి ఆముదం గుడ్డ చుట్టాలి. చీమలే పేనుని మోసుకెళ్ళి కాపలా కాస్తాయి, దాని తీపి కోసం. అల్లిక రెక్కల పురుగులూ, చుక్కల అక్షింతల పురుగులూ కనిపిస్తే ముట్టుకోవద్దు, అవి పేనుని తినే మన చుట్టాలు.

వంగకి కొమ్మ తొలిచే పురుగు. వాలిపోయిన కొస కనిపించిన రోజే రెండంగుళాల కిందకి తుంచి, చీల్చి చూస్తే లోపల గులాబిరంగు పురుగు. దాన్ని నేను కోళ్ళ ముందు వేస్తే అవి పడిన ఆరాటం చూడాలి! వారంలో రెండురోజులు ఈ పని చేస్తే కాయలోకి పోయే పురుగు సగానికి సగం తగ్గుతుందని అత్తయ్య అనుభవం. పైన వేపగింజల కషాయం. అయిదు శాతం అంటారు, మన లెక్కలో లీటరు నీళ్ళకి యాభై గ్రాముల వేపపప్పు పొడి. గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానేసి, పొద్దున్న పిండి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి, సాయంత్రం ఎండ తగ్గాక కొట్టాలి. ఎండలో కొడితే పని చేయదు. తయారుచేసిన రోజే వాడేయాలి.

బీరకాయలు వంకర తిరిగి, ఒకచోట కుళ్ళి రాలుతున్నాయి. అది పండు ఈగ. పిందెకి సూదిగుచ్చినట్టు గుడ్లు పెడుతుంది. రాలిన పిందెల్ని పాదులోనే వదిలేస్తే పురుగులు మట్టిలోకి దిగి, మళ్ళీ ఈగలై లేస్తాయి. ఏరోజుకారోజు ఏరి, కాల్చేయడమో లోతుగా పాతేయడమో చేయాలి. పాదు చుట్టూ మట్టి గుల్ల చేస్తే మిగిలిన పని కోడి చేసుకుంటుంది. పిందెకి పాత న్యూస్‌పేపరు సంచి తొడగడం కూడా చేసి చూశాం. నాకు భలే నచ్చింది. మావయ్య మాత్రం "బీరకాయలకి చొక్కాలేంటే" అని నవ్వారు.

కోళ్ళు పురుగుల్ని తింటాయని మళ్ళలోకి ఎప్పుడుపడితే అప్పుడు వదిలితే మాత్రం మొక్క మిగలదు. నారు దశలో అసలు పనికిరాదు. విత్తు చల్లిన మడిమీద తుమ్మకంప పరవాలి. మొక్క మోకాలెత్తు అయ్యాక, సాయంత్రం గూట్లోకి వెళ్ళే ముందు ఒక్క గంట వదిలితే చాలు. అప్పటికి వాటి కడుపులు సగం నిండి ఉంటాయి, తవ్వడంకంటే ఏరుకోవడం మీదే ధ్యాస. పెంటకుప్ప మీద మాత్రం రోజంతా వదలండి. కొబ్బరి మొవ్వుని తినేసే కొమ్ముపురుగు పిల్లలు ఆ ఎరువులోనే పెరుగుతాయి, వేలెడేసి తెల్లటి పురుగులు. పెట్టలు వాటికోసం పోట్లాడుకుంటాయి.

అంబాజీపేట సంతకి వెళ్ళినరోజు దారంతా కొబ్బరాకులు మసి పూసినట్టు కనిపించాయి. అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచి వైపు మొదట కనిపించి కోనసీమకీ వచ్చేసింది. ఆకు అడుగున తెల్లటి మైనంతో సుడులు సుడులుగా గుడ్లు పెడుతుంది. దాని తేనెబంక కింది ఆకులమీద పడి మసి పడుతుంది. అరటి, జామ కూడా వదలదు. అంబాజీపేటలోనే ఉన్న ఉద్యాన పరిశోధన స్థానంవాళ్ళు ఇసారియా అనే బూజుతోనూ, ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని కందిరీగతోనూ దాన్ని అదుపు చేయిస్తున్నారు. ఘాటు మందులు కొడితే ముందు చచ్చేది ఆ కందిరీగే. ఈ మాట వినగానే అత్తయ్య, "అంటే ముంగిసలాంటిదన్నమాట" అంది. అన్నం తింటున్నవాళ్ళం ఆగి నవ్వాం.

ఇంతకీ తుమ్మకంప సంగతి చెప్పలేదు కదూ!

ముంగిస దొరికిన మర్నాడే తీసేస్తుందనుకున్నాను. తీయలేదు. మాట జారడం తేలిక, వెళ్ళి అడగడం కష్టం. మూడురోజులు దడి దగ్గరకి వెళ్ళి చిక్కుడు తీగ సర్దుతున్నట్టు నిలబడి వచ్చేసేది. నాలుగోరోజు పొద్దున్న లేచి చూస్తే కంప లేదు. కంతలో బూడిదరంగు పిల్లి కూర్చుని మూతి నాక్కుంటోంది. కాసేపటికి అవతల నుంచి చిన్నత్తయ్య గొంతు, "అక్కా, పులసలా లేదుగానీ రాత్రి కొర్రమీను వండాం, గిన్నె అందుకో". ఈవిడ గిన్నె అందుకుని, తిరుగు గిన్నెలో బీరకాయలు పెట్టి, "చొక్కాలేసిన కాయలే ఇవి, పురుగుండదు" అంది. పిల్లి మాటగానీ, నీళ్ళ పంపు మాటగానీ ఇద్దరూ ఎత్తలేదు. కంప ఎవరు తీశారో ఈరోజుకీ నాకు తెలియదు.

నేను బయల్దేరేనాటికి మూడు పిల్లలూ క్షేమం. సంచీలో రెండు డజన్ల నాటు గుడ్లు ఊకలో పెట్టి ఇచ్చింది అత్తయ్య. రెండు పగిలాయి దారిలో.

మొన్న ఫోన్ చేస్తే మూడింట్లో రెండు పెట్టలట, ఒకటి పుంజట. "ముంగిస రావట్లేదే. కానీ నిన్న జెర్రిగొడ్డు ఒకటి రెండు గుడ్లు మింగి పోయింది. మధ్యాహ్నం టీవీ చూస్తూ గుడ్డు తీయడం మర్చిపోయా" అంది. వెనకనుంచి చిన్నత్తయ్య గొంతు వినిపిస్తోంది, ఎవరో టీవీ సౌండు తగ్గించమని అరుస్తున్నారు.